కీళ్ల బిళ్లల డబ్బాకు ఒక బహిరంగ లేఖ

మా ఫ్రిజ్ నెత్తినెక్కి కూర్చున్న కీళ్ల బిళ్లల డబ్బాకు,

నమస్కారం పెట్టను. నీకు అందాల్సినదాని కంటే ఎక్కువ మర్యాదే ఈ ఇంట్లో అందుతోంది.

మా బావగారు నిన్ను చంకలో పెట్టుకొచ్చి, "రోజుకు రెండు పడెయ్యండమ్మా, నెల తిరిగేసరికి మేడ మెట్లు ఎక్కేస్తాడు" అని భీముడి తల నిమిరి వెళ్లారు. భీముడంటే మా లాబ్రడార్. పదకొండేళ్లవాడు, 38 కిలోలు, కుడి తుంటి కీలు అరిగింది. బావగారి ప్రేమను నేను శంకించను, నా పేచీ అంతా నీతోనే. నీ లేబుల్ మీద గాల్లోకి ఎగురుతున్న బంగారు రంగు కుక్క ఉంది చూడు, దానికి రెండేళ్లు కూడా నిండినట్టు లేవు. దానికి కీళ్ల నొప్పులేమిటి?

నీ పేరు విదేశీగా మోగినా నీ వంశం మాకు కొత్త కాదు. నీ కడుపులో ఉన్న అసలు సరుకు గ్లూకోసమైన్. రొయ్య పెంకుల్లో, పీత డిప్పల్లో ఉండే కైటిన్‌ను ఘాటైన ఆమ్లంలో ఉడికించి దాన్ని తీస్తారు. దానికి జతగాడు కాండ్రాయిటిన్, పశువుల మృదులాస్థి నుంచి వస్తాడు. భీమవరం చెరువుల్లో పెరిగిన రొయ్య అమెరికా ప్రయాణం కట్టేటప్పుడు తలా పెంకూ చాలావరకు ఇక్కడే వదిలి వెళ్తుంది కాబట్టి, ఆ చెత్తకు ఎక్కడో ఒకచోట గిరాకీ ఉండటం మంచిదే. ఆ వ్యాపారంతో నాకు గొడవ లేదు. కీలులో మృదులాస్థి అరిగింది కనుక మృదులాస్థిలో ఉండే పదార్థాన్నే తినిపిస్తే అది మళ్లీ మొలుస్తుందంటావే, ఆ లెక్క దగ్గరే గొడవ. బట్టతలవాడికి వెంట్రుకలు తినిపించినట్టుంది ఈ వైద్యం.

ఇది నా ఒక్కదాని నోటి దురుసు కాదు. కుక్కలకూ పిల్లులకూ కీళ్ల అరుగుదలకు ఇచ్చే ప్రత్యేక ఆహారాలు, బిళ్లలు, పొడుల మీద జరిగిన ప్రయోగాలను మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ఒకచోట పోగేసి తూచారు. అందులో చేప నూనెలోని ఒమేగా-3 బాగా నెగ్గింది. నీ గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ జంట దగ్గరికొచ్చేసరికి నొప్పి తగ్గించే గుణమేమీ కనబడలేదనీ, ఇక వీటిని సిఫారసు చేయడం మానాలనీ రాశారు. నిన్ను మందుగా కాకుండా ఆహారంతో పాటు ఇచ్చే సరుకుగా అమ్ముతారు. మందును అడిగే రుజువు నిన్ను అడగరు. ఆ సందులోంచే నువ్వు ఇన్ని ఇళ్లలోకి దూరావు.

"అదేంటండీ, మావాడికి పనిచేసిందిగా!" అంటారు మా కింది ఫ్లాట్‌వాళ్లు. ఆ మాట అబద్ధం కాదు, వాళ్ల కళ్లకు అలాగే కనబడింది. 2012లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలన ఉంది. కీళ్లు అరిగిన 58 కుక్కలకు మందు లేని ఉత్తుత్తి బిళ్లలిచ్చారు. కాలు ఎంత బరువు మోపుతోందో కొలిచే పలక మీద వాటిని నడిపించారు. కుంటు తగ్గలేదని పలక చెబుతుంటే, నూటికి నలభై సార్లు యజమానులు "మెరుగైంది" అన్నారు. యజమానులను అనడమెందుకు, పరీక్షించిన పశువైద్యులదీ దాదాపు అదే వరస. పైగా ఈ నొప్పి ఒక వారం పెరిగి ఒక వారం తగ్గే రకం. చలికి బిగుసుకున్న కాలు ఎండ కాసేసరికి కాస్త సర్దుకుంటుంది. ఆ పుణ్యం నీ ఖాతాలో పడుతుంది. "కనీసం ఆరు వారాలు వాడి చూడండి" అని నీ వెనకాల అచ్చేయించినవాడు కడు తెలివైనవాడు.

పనిచేయని వస్తువులు ఇంట్లో చాలా ఉన్నాయి, వాటికి ఉత్తరాలు రాయడం లేదు. నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వొచ్చాక చూడటం ఆగిపోతుంది. కాలు నొప్పెడితే కుక్క కుయ్యోమంటుందని మనం అనుకుంటాం. ఏళ్ల తరబడి నొప్పి మోస్తున్న కుక్క కుయ్యదు. లేచేటప్పుడు బరువంతా ముందుకాళ్ల మీద వేసి వెనక భాగాన్ని ఈడ్చుకుంటుంది. మెట్ల మీద వెనక్కాళ్లు రెండూ కలిపి కుందేలు గెంతు గెంతుతుంది. ఒకే కీలును గంటలకొద్దీ నాకుతుంది. తొడల్లో కండ కరుగుతుంది. గేటు చప్పుడైతే ఉరికేది కాస్తా పడుకున్న చోటినుంచే తోక ఆడించి ఊరుకుంటుంది. దాన్ని చూసి ఇంటిల్లిపాదీ "వయసొచ్చింది, బుద్ధిమంతుడయ్యాడు" అని మురుస్తాం. ఒకవేళ ఎవరికైనా అనుమానం వచ్చినా, "మందు వాడుతున్నాంగా" అని వేళ్లు నీవైపు చూపిస్తాయి.

అసలు వైద్యం మొదలయ్యేది వంటింట్లో. కుక్కల తిండి అమ్మే ప్యూరినా కంపెనీ 48 లాబ్రడార్ పిల్లలను జతలు కట్టి, జతలో ఒకటి తిన్నదాంట్లో నాలుగో వంతు తగ్గించి రెండోదానికి పెడుతూ బతికినన్నాళ్లూ గమనించింది. ఫలితాలు 2002లో వచ్చాయి. కడుపు కట్టుకున్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, తోటివాటిది 11.2. కీళ్ల అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది, తక్కువగా వచ్చింది. తిండి అమ్ముకునేవాళ్లే తక్కువ తినిపించమని తేల్చడం నాకు భలే నచ్చింది. అప్పటికే లావెక్కి కుంటుతున్న కుక్కల మీద 2010లో వచ్చిన ఇంకో పరిశీలనలో, ఒంటి బరువులో ఆరు శాతం తగ్గేసరికే నడకలో తేడా తెలిసింది. మా భీముడి లెక్కన రెండుంపావు కిలోలు. కొండంత పనేం కాదు.

కాదు గానీ, మా ఇంట్లో చేయించి చూడు! పొద్దున్నే మామగారి టీలో సగం గ్లూకోజ్ బిస్కట్లు వాడివే. పిల్లాడి బాక్సులో మిగిలిన ఇడ్లీ వాడిదే. రాత్రి పెరుగన్నం సరేసరి. ఎవరిని అడిగినా "నేను పెట్టింది ఒక్కటేగా" అంటారు. చికెన్ వాసన పట్టించిన నీ మెత్తటి బిళ్లలు కూడా ఆ ఒక్కటేగాళ్ల జట్టులోవే. ఇప్పుడు రోజు తిండి మొత్తం పొద్దున్నే కొలిచి ఒక గిన్నెలో వేస్తున్నాం. ఎవరు ముద్దు చేసినా ఆ గిన్నెలోంచే తీసి పెట్టాలి. మామగారు అలిగారు. అలగనీ.

తర్వాతది నేల. అద్దంలా మెరిసే టైల్స్ మీద ఒక్కో జారుకూ అరిగిన తుంటి మెలిపడుతుంది. వాడు తిరిగే దారి పొడవునా కొబ్బరి పీచు పట్టాలు పరిచాం, ఇల్లు గోడౌనులా ఉందని చుట్టాలు నవ్వుతున్నారు. గోళ్లు, పాదాల కింద పెరిగే వెంట్రుకలు కత్తిరిస్తే పట్టు చిక్కుతుంది. ఆదివారం ఒక్కనాడే పార్కు చుట్టూ పరుగులు పెట్టించే బదులు, పూటకు పదిహేను నిమిషాల చొప్పున రోజూ నడిపించాలి.

నొప్పికి మందు లేదని కాదు. కుక్కల కోసమే మోతాదు తేల్చిన మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ లాంటివి ఉన్నాయి. డాక్టరు కాలు వంచి చూసి, ఎక్స్‌రే తీయించి, లివరు కిడ్నీల కోసం రక్తపరీక్ష చేయించి, కిలో బరువుకు ఇంత అని రాస్తారు. నీతో విసిగినవాళ్లు అక్కడికి వెళ్తే బాగుండు. చాలామంది వెళ్లేది మందుల డ్రాయరు దగ్గరికి. బామ్మగారి మోకాళ్ల స్ట్రిప్పులోంచి సగం బిళ్ల తుంచి పెరుగన్నంలో కలిపేస్తారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు పెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్లే మన దేశపు రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మన డ్రాయర్లలో మాత్రం హాయిగా ఉంది.

నీ పక్కన కూర్చునే చేప నూనె సీసాను నేనేమీ అనడం లేదు. అదీ మోతాదు మించితే విరేచనాలే, పైగా నూనె నూనే, కొవ్వు కొవ్వే. డాక్టరును అడిగి వాడుకుంటాం.

నిన్ను పారేయను, బావగారు నొచ్చుకుంటారు. ఒక్క పని చేసిపెట్టు. లేబుల్ మీద ఆ ఎగిరే కుక్క కాళ్ల కింద బోలెడు ఖాళీ ఉంది. "డబ్బా తెరిచే ముందు కుక్కను తూకం వేయించండి" అని అక్కడ అచ్చేయమని మీ కంపెనీవాళ్లకు చెప్పు. ధర పెంచినా ఏమీ అనుకోను.

ఇట్లు,
గిన్నె కొలిచే కోడలు

తా.క. ఈ లేఖ బావగారి కంట పడనీయకు. 2006లో అమెరికాలో మోకాళ్లు అరిగిన మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్షలోనూ నీ జంట మొత్తమ్మీద ఉత్తుత్తి బిళ్లను దాటలేకపోయిందని ఆయనకు ఇంకా తెలియదు. నీ అన్నగారి డబ్బా ఒకటి ఆయన బీరువాలో ఉంది.