చల్లని, పొడి ప్రదేశమెక్కడ?

పసుపు డబ్బా మొదలు బిస్కెట్ పొట్లం దాకా దేన్ని వెనక్కి తిప్పి చూసినా ఒకటే ఆజ్ఞ: చల్లని, పొడి ప్రదేశంలో నిల్వ చేయవలెను. రాసిన మహానుభావుడు ఏసీ గదిలో కూర్చుని రాసి ఉంటాడు. మే నెలలో రెంటచింతలకొచ్చి ఆ ప్రదేశమేదో వేలుపెట్టి చూపించమనండి. పొడికి కొదవలేదు, చల్లదనమే దొరకదు. పోనీ విశాఖపట్నం పోదామా అంటే, సముద్రపు గాలికి డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లి గడ్డకట్టి కూర్చుంటుంది. తెలుగునాట చల్లగానూ పొడిగానూ ఉండేది డిసెంబరు నెలొక్కటే. అది ప్రదేశం కాదు, ఋతువు.

వెతికి వెతికి మనవాళ్లు ఫ్రిజ్ తలుపు తీశారు. 1958లో గోద్రెజ్ వాళ్లు మన దేశంలో తొలి ఫ్రిజ్ తయారుచేసే నాటికి మనకు ఉట్టి ఉంది, జాడీల అర ఉంది, కొట్టుగది ఉంది. దేన్ని ఎక్కడ పెట్టాలో ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడా మూడింటి ఉద్యోగమూ ఈ బీరువాకే అప్పగించాం. లోపల పెడితే చాలు, ఏదైనా చిరంజీవి అయిపోతుందని నమ్మకం.

ఆవకాయ సంగతే చూడండి. కాయ కడిగి తడి లేకుండా తుడిచి, ముక్క కొట్టి, జీడి తీసి, పొర ఒలిచి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె పట్టించి, మూడో రోజు తిరగగలిపి, ఉప్పు చాలిందో లేదో నాలిక్కి రాసుకుని చూసి, జాడీకెత్తి వాసెన కట్టిన పచ్చడి అది. ఉప్పు ముక్కలో నీటిని లాగేస్తుంది. మామిడి పులుపు సూక్ష్మజీవుల ఆట కట్టిస్తుంది. పైన తేలిన నూనె గాలిని లోపలికి రానివ్వదు కనుక బూజుకు ఊపిరాడదు. ఇన్ని కాపలాలున్నదాన్ని తీసుకెళ్లి ఐసుగడ్డల పక్కన కూర్చోబెడతారా!

‘మరి మాది బూజు పట్టిందండీ’ అంటారు. పట్టదా మరి! గుండెకు మంచిదని నూనె తగ్గిస్తిరి, బీపీ అని ఉప్పు తగ్గిస్తిరి, అన్నం మెతుకులంటిన తడి గరిటెను అడుగుదాకా ముంచితిరి. కాపలావాళ్లందర్నీ పంపించేసి దొంగ పడ్డాడంటే ఎలా? అలా చేసిందాన్ని ఆవకాయ అనకండి, మామిడికాయ కూర అనండి. దానికైతే ఫ్రిజ్జే దిక్కు, నాకేమీ అభ్యంతరం లేదు.

నెయ్యిదీ అదే కథ. వెన్నలో నీరంతా ఇగిరేదాకా కాచి, గోదారి తీసేశాక అది బయటే నిక్షేపంగా ఉంటుంది. తడి చెంచా తగలకపోతే చాలు. బంగాళదుంప చలికి తనలోని పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. వేపుడు నల్లగా, తియ్యగా వస్తే మనం వండినవాళ్లను తిడతాం. అరటిపండు 13 డిగ్రీల లోపు చలికి తాళలేక తొక్క నల్లబడుతుంది. తేనె పేరుకుంటే చక్కెర పాకం అంటగట్టాడని కొట్టువాడి మీదికి యుద్ధానికి బయల్దేరతాం. మంచి తేనె కూడా పేరుకుంటుందనీ, సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే కరుగుతుందనీ చెప్పబోతే వినేవాళ్లెవరు!

సరే, అక్కర్లేనివన్నీ లోపలికెళ్లాయి. అక్కరున్నవి ఎక్కడున్నాయి? గట్టు మీద. తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచమని ఒంటి మీద రాసుకున్న సాసు సీసా భోజనాల బల్ల మీద దర్జాగా నిలబడి ఉంటుంది. పొద్దున ఇడ్లీలోకి చేసిన కొబ్బరి పచ్చడి మధ్యాహ్నం దాకా అలాగే ఉంటుంది, ‘పోపు పెట్టాంగా, ఏం కాదులే’ అన్న భరోసా మీద. రాత్రి మిగిలిన అన్నం సీరియల్ అయ్యేదాకా కుక్కర్లోనే. వేడి వస్తువు ఫ్రిజ్‌లో పెట్టరాదన్న సూత్రం మాత్రం ఇంటిల్లిపాదికీ కంఠస్థం.

వండింది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన వంటిళ్లు ఎండాకాలంలో 32 దిగేదెప్పుడు? వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిస్తే అన్నం ఇట్టే ఆరుతుంది, ఆరగానే లోపల పెట్టొచ్చు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తులు ఉడికినా చావవు, గోరువెచ్చగా వదిలేస్తే మొలకెత్తుతాయి. ‘మళ్లీ వేడిచేస్తే పోతుందిలే’ అంటారా? అది వదిలే విషాల్లో ఒకటి ఏ వంటింటి వేడికీ లొంగదు, పులిహోర కలిపినా లొంగదు. వెంటనే ‘మా అమ్మమ్మ చద్దన్నం తినలేదా’ అని అడ్డుప్రశ్న. తిన్నది తల్లీ, మజ్జిగ పోసి పులవబెట్టుకుని తిన్నది. ఆ పులుపే దానికి కాపలా. కుక్కర్లో మూతేసి మరిచిపోయిన అన్నానికి ఆ చుట్టరికం కలపొద్దు.

ఫ్రిజ్ దేనికీ తీర్పు చెప్పదు, వాయిదా వేస్తుందంతే. అయిదు డిగ్రీల్లో కూడా కొన్ని సూక్ష్మజీవులు నింపాదిగా పెరుగుతూనే ఉంటాయి. కరెంటు ఆదా అని రాత్రిళ్లు స్విచ్చి కట్టేసే ఇళ్లలోనైతే ఆ వాయిదా కూడా లేదు. అయినా చారెడు బీరకాయ కూర మీద చిన్న పళ్లెం బోర్లించి లోపలికి తోస్తాం. పారేస్తే పాపం. తినాలంటే మనసు రాదు. నాలుగో రోజు మూత తీసి, వాసన చూసి, అప్పుడు పారేస్తాం. పాపం ఈలోగా పోతుంది కాబోలు.

ఇక లోపలి వాస్తు. ఫ్రిజ్‌లో అన్నిటికన్నా వేడిగా ఉండేది తలుపు; తెరిచినప్పుడల్లా వంటింటి సెగ మొదట తగిలేది దానికే. గుడ్ల అరను చాలామంది తయారీదార్లు సరిగ్గా అక్కడే బిగించారు. వెనక చల్లటి అరలో మల్లెపూల డబ్బా, దాని పక్కన మూత లేని వెన్నగిన్నె. మర్నాడు వెన్న జడలో తురుముకునేటంత ఘుమఘుమలాడుతుంది. మిగిలిన చోటంతా పిజ్జాతోపాటు ఉచితంగా వచ్చిన ఒరెగానో, మిరప పలుకుల పొట్లాలది. ఎండిన ఆకుకూ ఎండిన మిరపకూ చలెందుకో ఎవరూ అడగరు గానీ, పాలప్యాకెట్‌కు మాత్రం లోపల చోటు చాలక దాన్ని సింకు పక్కన పెడతారు.