బావగారి గాలి లెక్క

గోదావరి జిల్లాల్లో రేసింగు సైకిలు కొన్నవాడికి కొండలు అడ్డం రావు, సలహాలే అడ్డం వస్తాయి. సైకిలు గోడకి ఆన్చి టీ తాగుతుంటే చాలు, పక్కనున్నాయన వంగి టైరు నొక్కి చూసి "గాలి తక్కువైందండీ" అనేస్తాడు. అరవై పీఎస్‌ఐ దాటాక ఏ బొటనవేలికీ తేడా తెలీదు. నోటికి మాత్రం తెలుస్తుంది.

మా బావగారిది ఇంకో సిద్ధాంతం. టైరు పక్కన "గరిష్ఠం 120" అని అచ్చేశారు కాబట్టి 120 కొట్టాల్సిందే. బజార్లో ఎమ్మార్పీ మీద పావలా తగ్గందే కదలని మనిషి, టైరు దగ్గరికొచ్చేసరికి పూర్తి రేటు చెల్లించేస్తారు.

నున్నటి చెక్క ట్రాకు మీద బిర్రుగా ఉన్న టైరు బాగానే పరిగెడుతుంది. మేం తొక్కేది ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా రావులపాలెం పోయే కాలువగట్టు రోడ్డు. ఒకచోట దమ్ము ట్రాక్టరు ఇనప చక్రాల గాట్లు, కోతల రోజుల్లో ఇంకోచోట సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. 120 కొట్టిన టైరు ప్రతి గతుక్కీ మనిషిని ఎత్తి కుదేస్తుంది. ముందుకి పోవాల్సిన బలమంతా బావగారి పొట్టని ఊపడానికే ఖర్చయిపోతుంది. కాస్త తగ్గిస్తే ఆ గతుకుని టైరే మింగేస్తుంది.

మరీ తగ్గించినా తంటాయే. గతుకులో రిమ్ము వచ్చి ట్యూబుని నొక్కేస్తే పక్కపక్కనే రెండు బెజ్జాలు పడతాయి. సైకిలు వాళ్లు దీన్ని పాముకాటంటారు. రావులపాలెంలో పంక్చరు షాపాయన ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి, జంటగా లేచే బుడగలు చూసి, "కట్లపామేనండి" అని తేల్చేశాడు. ఆయన కంప్రెసరు గొట్టం మా సన్న వాల్వుకి పట్టదు. కొసనున్న చిన్న మర విప్పి, ఇత్తడి అడాప్టరు బిగిస్తేగానీ గాలి ఎక్కదు. అంతా ఓపిగ్గా చూసి, "దీనికి గాలి కొట్టాలంటే మధ్యవర్తి కావాలాండీ?" అన్నాడు.

అసలు లెక్క టైరు వెడల్పుతోనూ మనిషి బరువుతోనూ. డెబ్బై కిలోల మనిషి, 28 మిల్లీమీటర్ల టైరు, లోపల ట్యూబు అనుకుంటే వెనక 75, ముందు 70 దగ్గర మొదలెట్టొచ్చు. బరువు వెనక చక్రం మీదే ఎక్కువ పడుతుంది కనక ఆ తేడా. టైరు 25 అయితే ఇంకో పది పెంచాలి, రోడ్డు తడిగా ఉంటే ఓ ఐదు దించాలి. మనిషి బరువు పెరిగితే గాలీ పెరగాలి. చిక్కంతా ఇక్కడే. 1888లో బెల్‌ఫాస్టులో కొడుకు మూడు చక్రాల సైకిలుకి గాలి టైరు చేసిపెట్టిన డన్‌లప్ వృత్తికి పశువైద్యుడు. రోగి నోరు విప్పకపోయినా బరువు అంచనా కట్టగలడు. మాకా విద్య రాదు, అడిగి తెలుసుకోవాల్సిందే.

అడిగితే బావగారు "డెబ్బై రెండు" అన్నారు. "అది మన పెళ్లినాటి మాటండీ" అంది అక్క వంటింట్లోంచి.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పట్నుంచీ అక్కడ సైకిలు ఆపడం బావగారు బాధ్యతగా పెట్టుకున్నారు. రేకుకి బరువెక్కడుంటుందని ఆయన వాదన. నిజమే, రేకుకి ఉండదు. లోపలున్న బెల్లానికీ నెయ్యికీ జీడిపప్పుకీ ఉంటుంది.

బరువు సంగతి వదిలేసి, ఎప్పుడూ వెళ్లే రోడ్డు మీదే ఐదేసి తగ్గించుకుంటూ రమ్మన్నాను. చేతులు తిమ్మిరెక్కకుండా, రిమ్ము నేలకి తగలకుండా ఎక్కడ కుదిరితే అక్కడ ఆగమన్నాను. వెనక 90 దగ్గర కుదిరింది. సైకిలు హాయిగా పోతోందని ఆయనే ఒప్పుకున్నారు. డెబ్బై రెండు కిలోలకి 90 ఎందుకు పట్టిందో నేను అడగలేదు. ఆ అంకె అక్క చెవిన వెయ్యనని మాత్రం నాచేత ఒట్టేయించుకున్నారు.