వీపు మీది గాలి

ఎవరి తెలివితక్కువతనాన్ని వాళ్లు గుట్టుగా దాచుకుంటారు. నేను నాదాన్ని ఫోన్లో రికార్డు చేసి నలుగురికీ పంపాను. విశాఖ ఆర్కే బీచి నుంచి భీమిలి దాకా 24 కిలోమీటర్లు, గంటకు సగటున 26 కిలోమీటర్ల వేగం. కింద కండ బిగించిన చెయ్యి బొమ్మ ఒకటి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. భీమిలి నుంచి ఇంటికి ఎలా వచ్చానన్నది మాత్రం లేదు. ఆ మిగతా సగం ఇక్కడ ఒప్పేసుకుంటాను.

సైకిలు విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ పొగరే. గంటకు రూపాయి అద్దె సైకిలు మీద అడ్డతొక్కుడు నేర్చుకున్నవాణ్ణి. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అంచేత నలభై ఆరో ఏట మళ్లీ సైకిలెక్కాలని బుద్ధి పుట్టినప్పుడు, అందులో నేర్చుకోవాల్సిందేదో ఉంటుందన్న అనుమానమే రాలేదు. కొనడం ఒక్కటే తరువాయి అనుకున్నాను. 80 వేలు పోశాను. వంపు హ్యాండిలు, సన్న టైర్లు, ముందు రెండు పళ్ల చక్రాలు, వెనక ఎనిమిది. స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు. మా ఆవిడ దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "ఇన్ని తీసేసినందుకు రేటు తగ్గించాలి గదా, పెంచారేటండీ?" అంది.

మా ఊళ్లో ఒక సైకిలు క్లబ్బువాళ్లు ప్రతి ఆదివారం గుంపుగా తొక్కుతారు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా రావచ్చు. ఉదయం ఐదున్నరకి బీచి రోడ్డులో కాళీమాత గుడి దగ్గర కలవాలి. భీమిలి వెళ్లి వెనక్కి రావాలి. శనివారం రాత్రి ఫోనుకి నియమాలు వచ్చాయి, పది దాకా ఉన్నాయి. నేను మొదటిదీ చివరిదీ చదివాను. మొదటిది టైము, చివరిది టిఫిను. మధ్యలో ఉన్నవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా, నా ఒంటి మీద పడ్డ వరసలో తెలిశాయి.

మొదటి తప్పు ఇంట్లోనే జరిగింది. సైకిలు లాగులో అడుగున ఒక మెత్త ఉంటుంది. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఒంటికి కుట్టు ఒరుసుకోకూడదనే దాన్ని అలా తయారుచేశారు. మర్యాదస్తుల ఇంట్లో పుట్టిన నేను లోపల వేసుకోవాల్సింది వేసుకునే దాని మీద లాగు తొడిగాను. ఆ మర్యాద ఖరీదు తర్వాత మూడు రోజులు ఆఫీసులో నిలబడే కట్టాను.

మే నెల. ఐదున్నరకే వెలుగొచ్చేసింది. గుడి దగ్గర పాతికమంది దాకా ఉన్నారు. లీడరు అందరికీ వినబడేలా చెప్పారు: ముందు తనుంటారు, తనను ఎవరూ దాటొద్దు, అందరికన్నా వెనక స్వీపు ఉంటారు, ఎవర్నీ దారిలో వదిలెయ్యం. స్వీపంటే ఏదో ఊడ్చే పని కాబోలు అనుకున్నాను. ఒక రకంగా అదేనని తర్వాత తేలింది, ఊడ్చుకొచ్చింది నన్నే కాబట్టి.

నా వెనకాల ఒకావిడ నిలబడి ఉన్నారు. యాభై దాటి ఉంటాయి. సైకిలు పాతది, రంగు అక్కడక్కడా లేచిపోయింది, హ్యాండిలుకి చిన్న గుడ్డ సంచీ. నాకు జాలేసింది. "ఆంటీ, కంగారు పడకండి, మెల్లగా రండి. ఎక్కడైనా ఆగిపోతే నేను వెనక్కొచ్చి చూసుకుంటాను" అన్నాను. గేర్ల గురించి కూడా ఓ ముక్క చెప్పాను. గేర్లతో నా పరిచయం అప్పటికి నాలుగు రోజులు. ఆవిడ నా సైకిలు కేసి చూశారు, నా కొత్త లాగు కేసి చూశారు. "అలాగే తమ్ముడూ" అన్నారు. నలభై ఆరేళ్లవాడు యాభై దాటిన మనిషిని ఆంటీ అనడంలో ఉన్న లెక్కతప్పుని ఆవిడ ఆ ఒక్క మాటతో సరిదిద్దారు. సరిదిద్దారన్న సంగతి కూడా ఆ పూట నాకు తట్టలేదు.

బయల్దేరాం. కురుసుర సబ్‌మెరైన్ దాటాం, లాసన్స్ బే దాటాం, తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి కింద వంపు తిరిగాం. కుడిచేతి వైపు సముద్రం. పెడలు మీద కాలు ఆనిస్తే చాలు, బండి దూసుకుపోతోంది. ఎత్తులన్నీ ఎవరో సాపు చేసినట్టున్నాయి. చెవుల దగ్గర గాలి మోత లేదు. చెమట ఆరడం లేదు, చొక్కా ఒంటికి అంటుకుపోతోంది. "ఇవాళ గాలే లేదండీ" అన్నాను పక్కాయనతో. ఆయన నా మొహం కేసి ఓసారి చూసి ఊరుకున్నారు.

ఋషికొండ దగ్గర లీడరు పిడికిలి పైకెత్తారు. ఆగండి అని దానర్థం. నాకు తెలిసిన పిడికిళ్లన్నీ ఊరేగింపుల్లోవి. నేనూ పిడికిలెత్తి, హుషారుగా ఓ కేక వేసి, ఆయన్ని దాటుకుంటూ వెళ్లిపోయాను. వెనక ఎవరికో పంక్చరైందట, అందరూ ఆగిపోయారు. నేనొక్కణ్ణే తొట్లకొండ దాటాను, ఎర్రమట్టి దిబ్బలు దాటాను. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డంతా ఖాళీ. పాపం, ఒక్కరూ నన్ను అందుకోలేకపోయారు అనుకున్నాను. ఆంటీ ఎక్కడున్నారో అని బెంగ కూడా పడ్డాను.

గోస్తని సముద్రంలో కలిసే ఊరు భీమిలి. అక్కడ బీచి గోడకి సైకిలు ఆనించి, రికార్డు ఆపి, నలుగురికీ పంపాను. ఇరవై నిమిషాలకి గుంపు వచ్చింది. సీసాలు నింపుకున్నారు, అరటిపళ్లు తిన్నారు. నాకూ ఇవ్వబోతే వద్దన్నాను. ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు కరుగుతుందని ఎక్కడో విన్నాను. నా కడుపులో ఉన్నది ఐదింటికి తాగిన కాఫీ ఒక్కటే. లీడరు దగ్గరికొచ్చి, "ముందుకెళ్లొద్దని చెప్పాం గదండీ. పోనీ, వచ్చేటప్పుడైనా గుంపులో ఉండండి, గాలి ఎదురు" అన్నారు మెత్తగా. "గాలెక్కడుందండీ?" అన్నాను, ఆరిందాలా.

బండి తిప్పాను. గాలి ఉంది.

ఎవరో రొమ్ము మీద అరచెయ్యి పెట్టి ఆపినట్టుంది. ఎండాకాలంలో మా తీరాన గాలి నైరుతి నుంచి వీస్తుంది. మా తీరం కూడా దాదాపు నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. అంచేత భీమిలి వెళ్లేవాడికి పైరగాలి వీపు మీద, తిరిగొచ్చేవాడికి మొహం మీద. పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. ఆ రేవుల్లో జాలర్ల పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న నాకు తెలీదు. నాకు గాలంటే రెగ్యులేటరులో అయిదో నంబరు.

తర్వాత ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని లెక్క వేశాను. గాలి వేగం 15 అనుకుందాం. దాని వెంట నేను 26లో పోతుంటే నా మొహానికి తగిలింది 11. అందుకే గాలి లేదనిపించింది. తిరుగుదారిలో 13లో ఈడుస్తుంటే తగిలింది 28. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే సగం వేగంతో పోతూ ఆరు రెట్లకు పైగా అడ్డు మోశాను. వీపు మీది గాలి గుణమే అది. మోత ఉండదు, మొహానికి తగలదు. అది చేసిన పనంతా మన ఖాతాలో రాసుకుంటాం. ఎదురుగాలిని మాత్రం ఎవరూ తమ ఖాతాలో రాసుకోరు. అది వాతావరణం.

అయినా గుంపులో ఉంటే సరిపోయేది. ముందువాడి వెనక ఒదిగితే గాలి అడ్డు చాలా తగ్గుతుంది, పడాల్సిన కష్టంలో ఇంచుమించు మూడో వంతు తప్పుతుంది. అందుకే వాళ్లు వంతులేసుకుని తొక్కుతున్నారు. ముందున్నవాడు కాసేపు గాలికి రొమ్ము అడ్డుపెట్టి, పక్కకి తప్పుకుని, వెనక్కి చేరుతున్నాడు. ఇంకొకడు ముందుకొస్తున్నాడు. నాకది ఒకరి చాటున ఒకరు నక్కడంలా కనిపించింది. నేను పక్కగా, ఒంటరిగా, పెద్ద పళ్ల చక్రం మీదే తొక్కాను. చిన్న చక్రం చేతకానివాళ్ల కోసం పెట్టారని నా గట్టి నమ్మకం. ఎర్రమట్టి దిబ్బలు వచ్చేసరికే గుంపు చుక్కంత అయిపోయింది.

తొట్లకొండ దగ్గర కాళ్లు నా మాట వినడం మానేశాయి. వేళ్లు వణుకుతున్నాయి. ఎండలో చెమట చల్లగా తగులుతోంది. మా బామ్మ ఏకాదశి నాడు "శోష వస్తోందిరా" అనేది. ఆ మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది. కండల్లోనూ కాలేయంలోనూ ఒళ్లు దాచుకున్న చక్కెర, గట్టిగా తొక్కితే గంటన్నర రెండు గంటలకి మించి రాదు. తింటూ తొక్కాలని నాలుగో నియమంలోనే ఉందట. దిగి, రోడ్డు పక్క సరుగుడు చెట్టు కింద కూలబడ్డాను. కూర్చోవడం కూడా సుఖం కాదు. లాగు సంగతి చెప్పాను గదా.

అప్పుడు చడీచప్పుడు లేకుండా ఆవిడ వచ్చి ఆగారు. ఆ స్థితిలో కూడా నా నోట వచ్చిన మొదటి మాట ఇది: "ఆంటీ, మీరింకా వెనకే ఉన్నారా?"

"నువ్వు వెనక ఉన్నావు గదా తమ్ముడూ, మరి నేనెక్కడుంటాను?" అన్నారు.

గుడ్డ సంచీలోంచి బెల్లం జీళ్లు తీసి చేతిలో పెట్టారు. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు ఇచ్చారు. "మాట్లాడకు, నమలు" అన్నారు. నమిలాను. పదిహేను నిమిషాలకి లేపారు. "చిన్న చక్రానికి మార్చు. నా వెనకాలే, చక్రమంత ఎడం ఉంచి రా. నా టైరు కేసి చూస్తూ ఉండకు, నా భుజాలు చూడు. పద."

అంతే, గాలి ఆగిపోయింది. ఆగలేదు, ఆవిడ మీద ఆగింది. ఆవిడ చొక్కా భుజాల దగ్గర రెపరెపలాడుతోంది. వెనకున్న నా చొక్కా కదలడం లేదు. ఆవిడ చెయ్యి కిందికి చూపిస్తే అక్కడ గొయ్యి. నడుం వెనక చెయ్యి ఊపితే ముందు ఆగిన ఆటో. ఋషికొండ దగ్గర పిడికిలెత్తారు. ఈసారి నేను కేక వెయ్యలేదు. సుమారు 15 కిలోమీటర్లు. ఆవిడ ఒక్కసారైనా నన్ను ముందుకి రమ్మనలేదు, ఒక్కసారైనా నాకు అందనంత దూరం పోలేదు. వెనక్కి తిరగకుండా నా ఆయాసం విని వేగం సర్దుతున్నారని నాకు చాలాసేపటికి అర్థమైంది.

టిఫిను హోటలు దగ్గర అందరూ ప్లేట్లు ముట్టకుండా కూర్చుని ఉన్నారు. స్వీపు వచ్చేదాకా రైడు అయిపోయినట్టు కాదట. అదీ నియమాల్లో ఉందట. పక్కనున్న కుర్రాడు చెప్పాడు. "ఆవిడ ఒకే ఏడాదిలో 200, 300, 400, 600 కిలోమీటర్ల రైడ్లు గడువు లోపల పూర్తిచేశారు సార్. 600 అంటే 40 గంటలు, కునుకైనా టిఫినైనా అందులోనే. వెనక ఉండాలంటే అందరికన్నా గట్టివాళ్లుండాలి గదండీ." నేను ఇడ్లీ కేసి చూస్తూ ఉండిపోయాను. వాళ్లు చట్నీ అటూ ఇటూ జరుపుతున్నారు. ఎవరూ నన్ను చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

లేచి వెళ్లి, "సారీ అక్కా" అన్నాను.

"ఇప్పుడు వరస కుదిరింది" అన్నారావిడ.

సాయంత్రం ఫోను తీస్తే మెచ్చుకోళ్లు వరసపెట్టి ఉన్నాయి. మా బావమరిది హైదరాబాదు నుంచి "బావా, సూపర్" అన్నాడు. అన్నిటికన్నా కింద అక్క రాసిన ఒక్క ముక్క: "పైరగాలి బాగా వేసినట్టుంది తమ్ముడూ." చదివినవాళ్లందరికీ అది వాతావరణం కబురు.

అప్పట్నుంచి నాకో పాడు అలవాటు పట్టుకుంది. నా గొప్పలు ఒక్కొక్కటీ బయటికి తీసి, ఆ రోజు గాలి ఎటు వీచిందో చూడటం. నా కష్టార్జితమని పదేళ్లుగా చెప్పుకుంటున్న ప్రమోషను వచ్చిన ఏడు, పైన ఇద్దరు ఒకేసారి రిటైరయ్యారు. ఆదివారం ఐదింటికల్లా లేస్తానని ఆఫీసులో గొప్పగా చెప్పుకుంటాను. నాలుగున్నరకి లేచి, కాఫీ కలిపి, నన్ను మూడుసార్లు కుదిపే మనిషి ఇంట్లో ఉంది. ఆవిణ్ణి ఏ రికార్డులోనూ ఎక్కించలేదు.

ఇప్పుడు దాదాపు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. లాగు సరైన పద్ధతిలో వేసుకుంటాను. జేబులో జీళ్లుంటాయి. చెట్ల ఆకులు ఎటు ఊగుతున్నాయో చూసుకుని మరీ బయల్దేరతాను. తిరుగుదారిలో నా వంతు వస్తే ముందుకెళ్లి గాలికి అడ్డం నిలబడతాను. రెండు నిమిషాలు. అంతకు మించి ఓపిక లేదు.

ఇంత తెలిశాక ఆ రికార్డు తీసేసి ఉంటాడులే అనుకుంటున్నారేమో. లేదు. 26 ఇంకా నా ఫోన్లో అన్నిటికన్నా పైనే ఉంది. వెళ్లడం, రావడం కలిపితే నా అసలు సగటు ఇప్పటికీ 20 దాటడం లేదు. ప్రతి శనివారం రాత్రీ ఇవాళ తీసేద్దామని ఫోను చేతిలోకి తీసుకుంటాను. ఓసారి చూసుకుని, పడుకుంటాను.