బోర్లిస్తేనే తెలుస్తుంది

ఇంట్లో అందరూ నన్ను జెల్లీ గిన్నె అంటారు. నేను గిన్నెను కాను, అచ్చును. అల్యూమినియం రేకుతో చేసిన ఎనిమిది రేకుల పువ్వును. యంత్రం ఒక్క నొక్కు నొక్కితే పుట్టాను, అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు. బేగంబజారులో అత్తమ్మ బేరమాడి కొన్నది.

చెప్పుకోవాల్సింది అత్తమ్మ చెయ్యి గురించి. జెలటిన్ పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీస్తారని తెలిసి ఆమె చైనా గ్రాస్ తెచ్చుకునేది. అది సముద్రపు నాచు సరుకు. తెల్లటి ఆ పీచును నానబెట్టి, మరిగే నీళ్లలో పూర్తిగా కరిగించి, పాలూ చక్కెరా కలిపి నాలో పోసేది. పోసేముందు నన్ను చన్నీళ్లతో తడిపి, తుడవకుండా వదిలేది. ఫ్రిజ్ లేకుండానే గడ్డకట్టేది. అప్పుడు తడివేలితో అంచును చుట్టూతా మెల్లగా లోపలికి లాగేది. "సందుల గాలి పోనియ్యాలె బిడ్డా, ఇగ అదే వస్తది" అనేది. పళ్లేన్నీ తడిపేది, పక్కకు పడితే జరుపుకోవచ్చని. బోర్లించి ఒక్క కుదుపు. ఎనిమిది రేకులూ చెక్కుచెదరకుండా దిగేవి. ఆ క్షణంలో పిల్లలు జెల్లీని చూసేవారు. నన్నెవరు చూస్తారు?

2019 నవంబరులో రాయదుర్గం దాకా మెట్రో వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకే మేమూ వచ్చాం, పద్నాలుగో అంతస్తుకి. అత్తమ్మ రాలేదు, ఆమె ఫొటో వచ్చింది.

కోడలు మంచిదే, తీరికే లేదు. ఆఫీసు పార్టీకని జెలటిన్ పొడి తెచ్చి, పచ్చి అనాసముక్కలు వేసింది. తెల్లారినా నీళ్లే. జెలటిన్ మాంసకృత్తి, పచ్చి అనాసలోని ఎంజైము దాన్ని తినేస్తుంది. డబ్బా అనాస అయితే ఫరవాలేదు, ముందే ఉడికి ఉంటుంది గనక. తిట్లు మాత్రం ఫ్రిజ్‌కి పడ్డాయి.

రెండోసారి బాగానే గడ్డకట్టింది. జెలటిన్ మన ఒంటి వేడికే కరుగుతుంది కాబట్టి, గోరువెచ్చని నీళ్లలో నన్ను పది సెకన్లు ముంచితే చాలు. ఆమె సలసల కాగే నీళ్లలో పెట్టి ఫోన్ ఎత్తింది. కాల్ అయ్యేసరికి రేకులన్నీ పులుసయ్యాయి. మూడోసారి ఆ భయంతో అసలు ముంచకుండా కత్తి దింపింది. నా ఏడో రేకులో గాటు అప్పటిదే. నాలుగోసారి అత్తమ్మ గుర్తొచ్చి చైనా గ్రాస్ పోసింది. నాకెంత సంబరమో! తీరా చూస్తే, మళ్లీ వేడినీళ్లలో అరగంట. ఒకసారి గడ్డకట్టిన చైనా గ్రాస్ మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల వేడి కావాలి. దానికి కావలసింది నీళ్లు కాదు, కాస్త గాలి.

"ఈ గిన్నెకి అన్నీ అంటుకుంటాయి" అని తీర్పు వచ్చింది. మర్నాడే సిలికాన్ అచ్చు దిగింది, గులాబీ రంగుది. కింద ట్రే పెట్టకుండా ఎత్తితే నడుం వాల్చేస్తుంది. దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు నేను బాల్కనీలో ఏసీ పైపు కింద ఉన్నాను. చుక్కచుక్కగా నిండుతాను, పొంగుతాను. బోర్లించేవాళ్లు లేరు.

అమ్మాయ్, పాత సామాన్ల బండి వచ్చేలోపు ఒక్కసారి నన్ను తోమి, చన్నీళ్లతో తడిపి చూడు. కత్తి గాటు మాత్రం జెల్లీ మీద గీతగా పడుతుంది. దానికి నన్నేమీ అనకు.