పదహారు గుడ్ల ఆమ్లెట్

మా సారు రెండు రోజుల శిక్షణకు వెళ్లి లీడరై తిరిగొచ్చారు. పదకొండు రోజులైంది. అప్పటినుంచీ జంషెడ్‌పూర్ పర్సుడీహ్‌లో మా గోదాము జనరేటరుకు డీజిల్ లేదు.

"సార్, డీజిల్" అంటే, "అది మేనేజ్‌మెంట్. నేను విజన్ చూస్తున్నా" అంటారు. కరెంటు పోయాక విజన్ ఎలా కనబడుతుందని నేను అడగలేదు. నా ఇంక్రిమెంటు కాగితం ఆయన బల్ల మీదే ఉంది మరి. సెలవు చీటీలు, లారీ కిరాయి తగాదాలు, కారే కుళాయి, అన్నీ మేనేజ్‌మెంటే కాబట్టి అన్నీ నావే. పుట్టినరోజు కేకు కోయడం మాత్రం లీడర్‌షిప్పట.

మేనేజర్లను తయారుచేసే ఎక్స్ఎల్ఆర్ఐ 1949లోనే వెలిసిన ఊరు మాది. అయినా కథలన్నీ లీడర్లవే. టాటా స్టీల్ ఛైర్మన్‌గా 1993 దాకా వెలిగిన రూసీ మోదీ గారు ఉదయం ఫలహారంలో 16 గుడ్ల ఆమ్లెట్ తినేవారని చెప్పుకుంటారు. మా సారుకి ఈ కథంటే ప్రాణం. "లీడరంటే అలా ఉండాలి" అని లొట్టలేస్తారు.

నా ధ్యాసంతా ఆ వంటవాడి మీద. రోజుకు 16 అంటే నెలకు 480 గుడ్లు, అంటే ముప్ఫైవి పట్టే అట్టలు పదహారు. ఉల్లిపాయలంటే మా పర్సుడీహ్ మండీలో బస్తాల లెక్కన దొరుకుతాయి, పుచ్చితే ఏరి పారేయొచ్చు. గుడ్డు అలా కాదు. పదిహేను మంచివి గిన్నెలో కొట్టాక పదహారోది మురిగిందైతే? అందుకని ఒక్కొక్కటీ వేరే చిప్పలో కొట్టి, వాసన చూసి, అప్పుడు గిన్నెలో పొయ్యాలి. పదహారుసార్లు. అంత అట్టును అట్లకాడతో తిరగేయడం ఎవరి తరం? పళ్లెం బోర్లించి, పెనంతో సహా తిప్పాలి. చెయ్యి తడబడితే ఆ పూట కంపెనీ ఏమైపోను? సరే, అయ్యగారు ఓ రోజు "ఇవాళ ఎనిమిది చాలు" అంటే, కొట్టేసిన మిగతా ఎనిమిదీ ఎవరి ఖాతా? వంటవాడికి జ్వరమొస్తే బదులు ఎవరు? ఇవేవీ కథలో ఉండవు. తిన్నాయన కథలో ఉన్నారు. వండినవాడు లేడు.

ఇక్కడి టాటా కార్ఖానాలో 8 గంటల పనిదినం 1912లోనే తెచ్చారని బళ్లో చదువుకున్నాం. రోజును ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులుగా గీసి, ఎవరు ఏ రాత్రి రావాలో కుదిర్చిన గుమాస్తా పేరు ఏ పంతులూ చెప్పలేదు.

ఇలా గొణుక్కుంటూ మంగళవారం నేనూ చార్టు గీస్తున్నా. లోడింగ్ కుర్రాడొచ్చాడు. మనవాడే, వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడు. "బాబాయ్, రేపు సెలవు కావాల. అమ్మకి కంటాపరేషను."

తలెత్తలేదు నేను. "రేపు మూడు లారీలున్నాయిరా. వచ్చేవారం చూద్దాం."

"సరే బాబాయ్" అని వెళ్లబోయాడు. గుమ్మంలో సారు ఎదురయ్యారు. వాడి పేరు కూడా ఆయనకి తెలియదు.

"ఏ కన్నయ్యా? కుడా, ఎడమా?"

వాడేదో చెప్పాడు. ఆయన వాడి భుజం తట్టి, చార్టు వైపైనా చూడకుండా, "వెళ్లు వెళ్లు" అన్నారు.

బుధవారం మూడు లారీలూ వచ్చాయి. దించింది నేనే. నడుం పట్టేసింది, ఆయన్ని తిట్టుకున్నాను కూడా. అయినా రాత్రి నిద్ర పట్టనిది నడుం నొప్పికి కాదు.

గురువారం కుర్రాడు పనిలోకి వచ్చాడు. ఏ కన్నో అడుగుదామని లేచాను. ఈలోగా కరెంటు పోయింది.