పైవాడు చూస్తూనే ఉన్నాడు

చెరువును మాయం చెయ్యాలంటే తొందర పనికిరాదు. మా పుత్తూరు వైపు పెద్దలకు ఓపిక పుష్కలం. ముందు వంకకు అడ్డంగా నాలుగు ట్రాక్టర్ల మట్టి. నీళ్ళు ఆగిపోయాక లోపల సర్కారు తుమ్మ లేస్తుంది. దాన్ని కొట్టి మామిడి మొక్కలు నాటితే అది తోట. 2025లో తోతాపురి ధర కూలిన తీరు చూశాక, తోటను ప్లాట్లు చేస్తే తప్పుపట్టేంత రాతిగుండె ఎవరికుంది? హద్దురాళ్ళకు మాత్రం కరువు లేదు.

ఇదంతా పైనుంచి ఒకరు చూస్తున్నారు. ఏడుకొండలవాడు కాదు, ఆయన రద్దీ ఆయనది. అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి నేలను ఫొటో తీస్తున్నాయి. మన ఐఆర్ఎస్-1ఏ 1988లో తోడైంది. 2011లో రిసోర్స్‌శాట్-2 శ్రీహరికోట నుంచే లేచింది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు శ్రీహరికోట, పుత్తూరు ఒకే జిల్లాలో పడ్డాయి. సాక్షి కూడా లోకలే!

ఆ బొమ్మల్లో కంటికి ఆనని పరారుణ కాంతికి ఎరుపు వేస్తారు కాబట్టి పచ్చటి ఆకు ఎర్రగా కనబడుతుంది. నీళ్ళు నలుపు, సిమెంటు నీలిబూడిద. ఏళ్ళవారీగా పేర్చి చూస్తే చెరువు నల్లగా ఉండి, ఎర్రబడి, బూడిదవుతుంది. రిజిస్టరులో మాత్రం నిండుకుండే. మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో 2024 జులైలో భూముల ఫైళ్ళు కాలిపోయాయి. లాండ్‌శాట్ బొమ్మలు 2008 నుంచి లోకమంతటికీ ఉచితం, ఎన్ని అగ్గిపెట్టెలని కొంటారు?

ఈ మాట చెప్పి ఒక వెంచరాయనను భయపెట్టబోయాను.

"దాని బొమ్మలో ఒక్కో చుక్క నేలమీద ఎంత సామీ?" అన్నాడు.

"రిసోర్స్‌శాట్ లిస్-3 కెమెరాకైతే ఇరవైమూడున్నర మీటర్లు."

సెల్లులో లెక్క కట్టాడు. "పదమూడు సెంట్ల పైమాటే. మేము ఏడాదికి రెండు సెంట్లే జరుగుతాం. చుక్కలోనే ఉంటే వాడికేం కనబడతాది?"

ఈయన్ను ఉపగ్రహ బొమ్మలు చూసే బాలానగర్ ఎన్నార్ఎస్సీలో కూర్చోబెట్టకపోవడం దేశానికి నష్టం.

"యూరప్ వాళ్ళ సెంటినెల్-2ది పది మీటర్లే అన్నా. అయిదు రోజులకోసారి వస్తుంది."

మళ్ళీ సెల్లు తీశాడు. "రెండున్నర సెంట్లు. సరే, ఇకమీదట ఒకటిన్నరే జరుగుదాం."

"హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా పాత బొమ్మలు చూసే జేసీబీలు పంపుతోంది..."

"అది హైదరాబాదు సామీ. ఈడ ముందు అర్జీ పెట్టాల. సర్వేయరుకు తీరికుండాల. ఆయన కొలతల రోవరుకు ఛార్జింగుండాల."