మోదుగాకు రొబుస్టో

"మొదటి మూడోవంతులో వానకు తడిసిన మట్టి. మధ్యకొచ్చేసరికి కొత్త తోలు, ఎండుగడ్డి. ఆఖర్న లీలగా పశువుల కొట్టం."

చదవగానే మా ఊరి గురించి ఎవరో రాశారనుకొని సంబరపడ్డాను. తీరా చూస్తే అది మా మేనల్లుడు కిందటి ఆదివారం కాల్చిన చుట్ట గురించి. చుట్ట అంటే వాడికి కోపం, సిగార్ అనాలి. దానికో నోటుపుస్తకం కూడా పెట్టాడు, తోలు అట్టది. తేదీ, చుట్ట పేరు, పొడవు, లావు, పొగలో తగిలిన రుచులు, చివర్న నూటికి ఇన్ని మార్కులు. ఈ నూటి లెక్క వాడి సొంతం కాదు. 1992లో అమెరికాలో మొదలైన సిగార్ అఫిషనాడో అనే పత్రిక చుట్టలకు ఇట్లాగే మార్కులేస్తుంది. మావాడి పుస్తకంలో ఏ చుట్టకూ 88కి తక్కువ రాలేదు. పదో తరగతి లెక్కల్లో వాడికొచ్చినవి 41.

వాడు పుట్టింది దేవరకొండ పక్కన, పెళ్ళాడింది జడ్చర్లలో, బతికేది గచ్చిబౌలిలో, పొగ తాగేది బాలానగర్ దాటాక బెంగళూరు రోడ్డు పక్కనున్న ఫాంహౌస్‌లో. నాలుగెకరాలు, నలభై మామిడి మొక్కలు, వాటికి కాపలా ఇద్దరు మనుషులు. కంచెకు అవతల ఎవరిదో పల్లిచేను. ఇవతల వెదురు కుర్చీలో మావాడు కాలు మీద కాలేసుకొని, పొగ నోట్లో తిప్పి, కళ్ళు మూసి, కొట్టం వాసన కోసం వెతుక్కుంటుంటాడు.

ఉండబట్టలేక అడిగాను.

"కొట్టం వాసన అంటే తిట్టినట్టా, మెచ్చుకున్నట్టా?"

"మెచ్చుకున్నట్టే మామా. బార్న్‌యార్డ్ అంటారు. మంచి హవానాకే వస్తుంది."

"మీ అమ్మ కొట్టం ఊడ్చి ఇంట్లోకొస్తే ముక్కు మూసుకునేటోనివి గదరా!"

"అది వేరు మామా."

ఆ వేరు ఏమిటో తెలుసుకోవాలనే ఆ రోజు రాత్రి అక్కడే ఉండిపోయాను. తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

తోలు సంగతే చూడండి. పుస్తకం నిండా తోలే. "జీను తోలు", "పాత తోలు కుర్చీ", "పదును తోలు". మా పాలమూరులో తోలు వాసన కావాలంటే క్యూబా దాకా పోనక్కర్లేదు. తంగేడు చెక్క వేసి తోలు ఊనే రోజుల్లో మాదిగవాడ మీదుగా గాలి వీస్తే ఊరంతటికీ ఆ రుచి తగిలేది. కురుమూర్తి జాతరలో స్వామికి ఏటా కొత్త చెప్పులు వస్తాయి. ఉద్దాలంటారు. కుట్టేది దళితులు. వడ్డెమాన్ నుంచి ఊరేగింపుగా వచ్చే ఆ చెప్పులను జనం ఎగబడి మొక్కుతారు. మర్నాటి నుంచి కుట్టినవాడి నీడ వాడిదే, ఊరి నీడ ఊరిదే. పొగలో తోలు తగిలితే 92 మార్కులు. తోలు పనివాణ్ణి ఇంట్లోకి పిలిచి కుర్చీ వేసినందుకు మార్కులేసిన పుస్తకం మాత్రం నాకింతవరకూ దొరకలేదు.

మర్నాడు మా పెదనాయన దిగాడు. ఎనభై మూడేళ్ళు. మనవడి తోట చూసిపోదామని దేవరకొండ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. వచ్చీ రాగానే మామిడి మొక్కల మధ్య గొంతుక్కూర్చుని, తలరుమాలు మడతలోంచి ఒక చుట్ట తీశాడు. లోపల తంబాకు, పైన మోదుగాకు. మావాడి మొహం చూడాలి. బ్యాంకువాళ్ళు వస్తున్నారని, కాస్త అవతల కూర్చోమని చెప్పించాడు, నాతో.

నేను చెప్పలేదు. పైగా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఇంత మంచి అవకాశం కాలమిస్టుకు ఏడాదికోసారి కూడా రాదు.

మావాడు ముందు శాస్త్రం చెప్పాడు. సిగార్‌కు మూడు పొరలుంటాయి: లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన చుట్టే ఆకు. పై ఆకు కోసం క్యూబాలో పొగాకు మళ్ళకు గుడ్డ పందిళ్ళు వేసి నీడలో పెంచుతారు. రుచిలో సగం ఆ ఆకుదేనట. పెదనాయన శ్రద్ధగా విన్నాడు. ఆయన పై ఆకుకు పందిరేసినవాడెవడూ లేడు. పడావు భూముల్లో తనంత తానే పెరిగి, కాముని పున్నానికి ఎర్రగా పూసి పిల్లలకు రంగునిచ్చి, పెళ్ళిలో విస్తరై బువ్వ మోసి, మిగిలిన నాలుగాకులు ఆయన చుట్టకు వస్తాయి. ఒకే ఆకు మీద తిని, అదే ఆకును కాల్చే ఏర్పాటు హవానాలో ఉన్నట్టు లేదు.

లావు లెక్క ఇంకా గమ్మత్తు. అంగుళాన్ని అరవై నాలుగు భాగాలు చేస్తే అందులో ఒకటి ఒక రింగు. మావాడు కాల్చేది రొబుస్టో: అయిదంగుళాల పొడవు, యాభై రింగులు. పెదనాయన తన చుట్టను బొటనవేలి పక్కన పెట్టి చూసుకొని "గింతనే" అన్నాడు. రొబుస్టోకు ఏమీ తీసిపోలేదు.

తర్వాత తేమ. సిగార్లను స్పానిష్ సెడార్ చెక్క పెట్టెలో, డెబ్బై శాతం దగ్గర తేమ ఉండేట్టు, ముల్లు చూసుకుంటూ కాపాడాలి. ఆ పెట్టె మూత తీస్తే మా అవ్వ సందూక తెరిచినట్టే వాసనొచ్చింది. ఎండాకాలం నల్లగొండలో మనుషులకే దక్కని తేమ ఈ చుట్టలకు కరెంటు పెట్టి మరీ దక్కుతోంది. పెదనాయన పెట్టె తలరుమాలు. తేమకు చెమట. ముల్లు లేదు.

మూడు వంతుల సిద్ధాంతం దగ్గర మాత్రం ఇద్దరికీ పూర్తిగా కుదిరింది. సిగార్‌ను మూడు భాగాలుగా ఆస్వాదించాలని, ఒక్కో వంతుకూ రుచి మారుతుందని మావాడన్నాడు. పెదనాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన అరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. పొద్దున ఒక వంతు కాల్చి, నలిపి ఆర్పి, చెవి సందున పెడతాడు. పగటి బువ్వ తిన్నాక రెండో వంతు. మూడోది రాత్రి బాయి కాడ. మావాడు ఒక్క కూర్చోవడంలో ముగిస్తాడు. ఆయనకు రోజంతా రావాలి.

ఈ పొగకు గౌరవం ఎప్పుడొచ్చిందా అని చూస్తే, ఎవరు పట్టుకున్నారన్నదాన్ని బట్టి వచ్చినట్టుంది. 1600 దాటాక కొన్నేళ్ళకు, అక్బరు కొలువులోని అసద్ బేగ్ బీజాపూరులో పొగాకు చూసి ముచ్చటపడి, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా పాదుషాకు పట్టుకెళ్ళాడు. బీజాపూరు మనకేం దూరం? నారాయణపేట దాటి పడమటికి పోతే అదే. అక్బరు రెండు దమ్ములు లాగేసరికి హకీం అడ్డం పడ్డాడు. రుచి ఎట్లా ఉందో పాదుషా రాసిపెట్టలేదు. కొడుకు జహంగీరు మాత్రం 1617లో ఫర్మానా తీసి పొగాకును నిషేధించాడు. అది ఎంత బాగా అమలైందో నాలుగు వందల ఏళ్ళ తర్వాత బాలానగర్‌లో చూస్తున్నాను.

దొరలు వచ్చాక తమిళుల సురుట్టు వాళ్ళ నోట్లో పడి చెరూట్ అయింది. మన చుట్టకు అది వరసకు అన్నదమ్ముడే. గోదావరి లంకల్లో పండిన పొగాకు చుట్ట ఎంత పేరు పడిందంటే, 1890లో వచ్చిన ఒక నవలలో షెర్లాక్ హోమ్స్ అంతటివాడు హంతకుడు లంక చుట్ట తాగేవాడని తేలితే పని సులువవుతుందని లెక్క చెబుతాడు. అంటే మన చుట్ట లండన్‌లో ఒక ఆనవాలు. ఇక్కడ మన గిరీశం 1892లోనే రంగస్థలమెక్కి, చదువు చెప్పమంటే శిష్యుడికి చుట్ట నేర్పాడు. అయినా మావాడి పుస్తకంలో గిరీశం లేడు, చర్చిల్ ఉన్నాడు. ఏడంగుళాల చుట్టకు ఆయన పేరే. 1895లో క్యూబా చూసొచ్చి, మరుసటి ఏడాది బెంగళూరు కంటోన్మెంట్‌లో దిగిన ఆ దొరగారు అక్కడి క్లబ్బుకు పదమూడు రూపాయలు బాకీ పడ్డాడు. వసూలు కాదని రాసుకున్న ఆ పద్దు పుస్తకాన్ని క్లబ్బువాళ్ళు ఇప్పటికీ అపురూపంగా దాచుకున్నారు. మా ఊరి కిరాణాకొట్లో ఉద్దెర ఎగ్గొట్టినవాడి పేరు కూడా దాస్తారు. గోడ మీద, బొగ్గుతో.

ఇంతలో పెదనాయన ధర అడిగాడు.

"ఏంరా, గీ కట్టె ఎంతకు దెచ్చినవ్?"

మావాడు నసిగి, తొమ్మిది వేలన్నాడు. పెదనాయన తనకు సరిగా వినబడలేదనుకొని మళ్ళీ అడిగాడు. మళ్ళీ తొమ్మిది వేలే. నేను మనసులో లెక్కేశాను. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ముప్పై రోజులు చెరువులో మట్టి తీస్తే ఈ కట్టె వస్తుంది, ఇంకా 210 రూపాయలు చేతికొస్తాయి. మొదటి మూడోవంతులో తడిసిన మట్టి అని ఎందుకు రాశాడో అప్పుడర్థమైంది.

ఇంక పెదనాయన వంతు. మావాడు చిన్న గిలెటిన్‌తో కొస కోసి, గాలికి ఆరని లైటర్‌తో ముట్టించి ఇచ్చాడు. పెదనాయన ఆ లైటర్‌నే ఎక్కువసేపు చూశాడు. చెకుముకి రాయి కొట్టి దూదికి నిప్పంటించుకున్న చేతులవి. "పొగ మింగొద్దు తాతా, నోట్లనే తిప్పాలె" అని జాగ్రత్త చెబితే, "మింగనోనికి పొగెందుకు?" అని గట్టిగా ఒక దమ్ము గుంజాడు. మేమిద్దరం ఆయన మొహంలోకే చూస్తున్నాం. మావాడి చేతిలో పెన్ను సిద్ధంగా ఉంది.

"గొంతుకు తగుల్తలేదురా" అన్నాడు.

"రుచి ఎట్లుంది తాతా? తోలు, కాఫీ, మిరియాలు... ఏమన్న తెలుస్తుందా?"

"నాకేం తెలుస్తది బిడ్డా. ముప్పయ్యేండ్ల సంది నాలిక సచ్చిపోయింది. మీ అవ్వ కూరల ఉప్పు మరిచిన నాడు గూడ సప్పుడు జేయక తిని లేస్త. మంచోడనుకుంటది."

నవ్వాం. పెన్ను మాత్రం కదల్లేదు. నల్లగొండ జిల్లాలో నీళ్ళ రుచి పళ్ళ మీద పసుపు గీతల్లో కనబడుతుంది, ఫ్లోరైడ్ పుణ్యమా అని. పొగ రుచి ఎక్కడ కనబడుతుందో నేను వేరే పుస్తకంలో చదివాను. మావాడు ప్రతి పేజీలోనూ అంగిలి అంగిలి అని రాస్తాడే, ఆ అంగిలి మీద అసలైన నోట్సు శ్రీకాకుళం జిల్లాలో తయారైంది. అక్కడ పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళకు, అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చడం. పరిశోధకులు 10,169 మంది పల్లెజనం నోళ్ళు తెరిపించి చూసి, 1971లో ఆ వివరాలు అచ్చేశారు. అందులో కాఫీ లేదు, సెడార్ లేదు. తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు, క్యాన్సర్. మార్కులు వేయలేదు.

"అది నిప్పు లోపల పెట్టుకుంటే మామా" అన్నాడు మావాడు. వాడిది బయటే ఉంటుందట.

బయట అంటే గుర్తొచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి నలుగురూ తిరిగేచోట పొగతాగితే రెండు వందల దాకా జరిమానా. పెదనాయన ఒకసారి ఒక బస్టాండులో కట్టాడు. ఆ డబ్బుతో ఆయనకు నెలకు సరిపడా తంబాకు వచ్చేది. మావాడికి ఆ బెంగ లేదు. నాలుగెకరాల కంచె లోపల చట్టానికి పనేముంది?

ఇంకో చట్టం మాత్రం కంచె దాటి వచ్చింది. సిగార్ డబ్బా మీద. పొగాకు సరుకు ఏదైనా 2016 నుంచి డబ్బా ముఖం మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. మోదుగాకు మీద ఆ బొమ్మ ఎవరు అచ్చేయాలో రూల్సులో ఉన్నట్టు లేదు. మావాడి డబ్బా మీద మాత్రం ఉంది. అందం చెడుతుందని సగం గీకేశాడు, మిగతాది రాలేదు. సాయంత్రం పెదనాయన బయల్దేరుతుంటే ఖాళీ డబ్బా అడిగాడు. మంచి చెక్క, పురుగు పట్టదు. చేతిలోకి తీసుకొని, చదువురాని మనిషి గనక అక్షరాల జోలికి పోకుండా నేరుగా బొమ్మనే చూశాడు.

"వీని నోటికి ఏమైందిరా?"

మావాడు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను బస్సు టైమైందన్నాను.

పోయిన వారం దేవరకొండ వెళ్ళినప్పుడు చూశాను. ఆ డబ్బా దేవుడి గూట్లో ఉంది. అందులో పట్టా పాసుపుస్తకం, ఆధార్ కార్డు, దగ్గు బిళ్ళలు. బొమ్మున్న వైపు గోడకు తిప్పి పెట్టాడు.